ఇరవై మూడు అనపగింజలు

మా నాయన పల్లె వదిలి తిరుపతిలో మా దగ్గరికి వచ్చిన ఏడాది డైరీ తిరగేస్తే, మాఘమాసంలో ఒక ఆదివారం కింద ఇలా రాసి ఉంది: "ఉదయం ఏడున్నరకు పెరట్లో అనపగింజలు వేశాను. మొత్తం ఇరవై మూడు. మూరెడు ఎడం. ఒక్కోదానికి చెంబెడు నీళ్ళు. రథసప్తమి, మంచిరోజు, సెలవు కూడా." అక్షరాలు గుండ్రంగా, తీరుబడిగా ఉన్నాయి. తప్పు చేస్తున్నానని అప్పుడు నాకు తెలియదు.

డెబ్భైల మధ్యనాటి సంగతి. నేను ఒక ఆఫీసులో గుమాస్తాను. రైల్వే గేటు అవతల ఒక అద్దె ఇంటి వెనక భాగంలో నేనూ, నా భార్యా, ఇద్దరు పిల్లలూ ఉండేవాళ్ళం. ముందు భాగంలో ఇంటామె ఒక్కతే ఉండేది. పెరడూ బావీ ఇద్దరికీ ఉమ్మడి. మా నాయనకు పాకాల దగ్గర పల్లెలో నాలుగెకరాల మెట్ట, ఒక బావి ఉండేవి. రెండేళ్ళు వరసగా వానలు తప్పాయి. బావి అడుగంటింది. వేరుశనగ పోయింది, దాని మధ్య సాళ్ళలో వేసిన అనపా పోయింది. మళ్ళీ మంచి వాన పడేదాకా అని చెప్పి ఆయన మా ఇంటికి వచ్చాడు. వెంట తెచ్చుకున్నవి రెండు పంచెలు, ఒక దుప్పటి, ఒక ఎండు సొరబుర్ర. బుర్ర మూతికి పేడ మెత్తి ఉంది. లోపల అనప విత్తనం.

అనపకాయ గురించి మా జిల్లావాళ్ళకు చెప్పనక్కరలేదు. తక్కినవాళ్ళ కోసం చెబుతాను. అది చిక్కుడు జాతి తీగ. చలికాలంలో కాస్తుంది. గింజలు ఒలిచి, నానబెట్టి, ఒక్కొక్కటే వేళ్ళ మధ్య పితికి తోలు తీస్తే పితికిపప్పు. రాగిసంగటిలోకి ఆ కూర ఉంటే ఇక వేరే ఏదీ అడగం. మా ఇంటి రకం కొంచెం ప్రత్యేకం. కాయ కోస్తే వేళ్ళకు జిడ్డు అంటుకుని రెండు రోజులు వాసన పోదు. మా అవ్వ పుట్టింటి నుంచి కొంగున కట్టుకొచ్చిన విత్తనమట. ఏటా కాచినదాంట్లోంచి తీసిపెట్టుకోవడమే కాని, ఎన్నడూ కొన్నది లేదు.

ఆ మాఘంలో నాయన దగ్గరి బంధువుల ఇంట్లో పెళ్ళికని పల్లెకు వెళ్ళాడు. పది పదిహేను రోజులకు గాని రానన్నాడు. నా భార్య అటక సర్దుతుంటే సొరబుర్ర పగిలి, గింజలు కింద పడ్డాయి. దాదాపు అన్నీ పుచ్చిపోయి ఉన్నాయి. వేలితో నొక్కితే పిండి రాలింది. నేను కూర్చుని మంచివి ఏరాను. ఇరవై మూడు తేలాయి. ఇవి కూడా పుచ్చిపోకముందే మట్టిలో వేసేస్తే మేలనిపించింది. పంచాంగం చూశాను, సెలవు చూసుకున్నాను, వేశాను. నాయన వచ్చేసరికి మొలకలు చూసి సంతోషిస్తాడనుకున్నాను.

ఆయన తిరిగి వచ్చి, కాళ్ళు కడుక్కుని, మజ్జిగ తాగి, పెళ్ళి కబుర్లకన్నా ముందు విత్తనం సంగతే ఎత్తాడు.

"పల్లెంతా అడిగినానప్పా. ఒకరింట్లోనూ లేదు. కరువుకు ఉడకేసుకోని తినేసినారు. సంతలో ఉండేది ఏరే రకం. ఇంగ మన బుర్రలో ఉండేదే."

నా భార్య నా ముఖం చూసింది. నేను ఆయన్ను పెరట్లోకి తీసుకెళ్ళాను. ఇరవై మూడూ మొలిచాయి. వరస తాడు పట్టినట్టు ఉంది.

"బుర్రలో ఎన్ని పెట్టినావు?"

"ఒకటీ లేదు నాయనా. పుచ్చు పట్టింది. బాగుండేటివన్నీ ఏసేసినా."

ఆయన బావి గట్టు మీద కూర్చున్నాడు. "ఎండబెట్టి ఇంత బూడిద కలిపుంటే నిలిచుండునే," అన్నాడు. మంచిరోజు చూసే వేశానని నేను అన్నాను.

"మంచిరోజు మనిసికి. విత్తనానికి కార్తి సూడల్ల."

ఆయన తిట్టలేదు. తర్వాత నిదానంగా చెప్పినదాని సారం ఇది. అనప వేసేది ఆరుద్ర కార్తెలో, జ్యేష్ఠం ఆషాఢం నడుమ. ఎప్పుడు వేసినా సరే, దీపావళి దాటి పొద్దు తగ్గి మంచు పడితే గాని ఆ తీగ పూయదు. మాఘంలో వేసినది ఎండాకాలమంతా దాటుకుని రావాలి. అంటే తొమ్మిది నెలలు పూతా కాతా లేకుండా దాన్ని బతికించాలి. చచ్చిపోతే ఆ విత్తనం మా పల్లెలోనే ఉండదు.

మరునాడే ఆయన పారతో వచ్చి పద్దెనిమిది మొక్కలు పీకేశాడు. నాకు ప్రాణం ఒప్పలేదు. చేతిలోనివి లాక్కోబోయాను. అన్నిటికీ తలా ఇంత నీళ్ళు పోస్తే అన్నీ చస్తాయని, ఐదింటికైతే ఎండాకాలం ఈదవచ్చని ఆయన లెక్క.

చైత్రం దాటేసరికి బావిలో నీళ్ళు అడుగుకు దిగాయి. కుళాయి రోజు విడిచి రోజు. బావినీళ్ళు చెట్లకు పోస్తే ఊరుకోనని ఇంటామె కచ్చితంగా చెప్పింది. ఆమె తప్పేమీ లేదు. నాయన ఇంట్లో వాడేసిన నీళ్ళ మీద పడ్డాడు. బియ్యం కడిగిన నీళ్ళు ఆయనవే, ముఖం కడిగిన నీళ్ళు ఆయనవే. పిల్లలు పళ్ళు తోముకోవలసింది తీగ మొదట్లోనే. ఆయన స్నానం కూడా అక్కడే, సబ్బు లేకుండా. "మామా, మీరు నీళ్ళు మునిగేది చెట్టు కోసరమా, చెట్టు ఉండేది మీరు మునిగేదానికా?" అని నా భార్య అడిగేది. ఆయన నవ్వేవాడు కాదు గాని, కోప్పడేవాడూ కాదు.

రోహిణి కార్తెలో రెండు ఎండిపోయాయి. మూడు మిగిలాయి. నాయన వాటిని మోకాలెత్తుకు కత్తిరించి, మొదళ్ళకు వేరుశనగ పొట్టు కప్పాడు. వాన పడ్డాక అవి చిగిర్చి, సవక కట్టెలతో వేసిన పందిరిని నెల తిరక్కుండా కమ్మేశాయి. ఆకులే ఆకులు. ఆషాఢం నుంచి నా డైరీలో రోజూ ఒకే మాట: "పూత లేదు." నాయనకు చదువు రాదు. ఏం రాస్తున్నావని అడిగి, చదివి వినిపిస్తే, లేనిదాన్ని ఇన్నిసార్లు రాసేదేందని అడిగాడు.

నాకు మటుకు నమ్మకం సడలింది. పదిహేనేళ్ళ డైరీలు పెట్టెలోంచి తీసి, మా ఇంట్లో ఏ ఏడు ఎప్పుడు మొదటిసారి పితికిపప్పు వండారో వెతికాను. వానలు ముందొచ్చిన ఏడూ, వెనకొచ్చిన ఏడూ, అన్నీ మార్గశిరంలోనే. పూత ఎప్పుడని తర్వాత నేను నాయనను అడగలేదు.

ఇంటామెకు ఆ ఓపిక ఎందుకుంటుంది? పందిరి నుంచి గొంగళిపురుగులు ఆమె ఆరేసిన గుడ్డల మీద పడుతున్నాయి. ఒకరోజు వచ్చి నాయనను నిలదీసింది.

"ఏమన్నా, ఆకులకు పందిరేసినావే. తమలపాకులా ఏందియి, తాంబూలానికి?"

"దీపావళి దాకా ఓర్సుకోమ్మా."

"అందాకా ఓరుస్తా. ఆ పైన కూడా ఆకులే అయితే నేనే కోసి మేకలకేస్తా."

దీపావళి పోయింది. పూత లేదు. ఆమె కొడవలి తెస్తుందని నేను ఆఫీసులో కూడా అదే ఆలోచిస్తూ ఉన్నాను. ఆమెకన్నా ముందు తుఫాను వచ్చింది. మూడు రోజులు వాన ఎడతెరపి లేదు. రెండోరోజు పందిరి కూలింది. తీగల్లో ఒకటి మొదట్లోనే తెగిపోయింది. నాలుగోరోజు వాన వెలిశాక నేనూ నాయనా కట్టెలు పైకెత్తబోతే ఇద్దరి వల్లా కాలేదు. మెట్ల మీద నిలబడి చూస్తున్న ఇంటామె, చీర కుచ్చిళ్ళు ఎగజెక్కి, బురదలోకి దిగి ఒక కొస పట్టుకుంది. తిట్టుకుంటూనే పట్టుకుంది. తల మీదికి వచ్చిన కొమ్మను పక్కకు తోస్తూ ఆగిపోయింది.

"ఇదేందన్నా? ఇది మొగ్గ కాదా?"

నాయనకు అప్పటికే చూపు తగ్గింది. ఆమె కొమ్మను వంచి పట్టుకుంటే, ఆయన వేలికొనతో తడిమి చూశాడు. గెల పొడుగునా బియ్యపు గింజల్లా మొగ్గలు. పందిరి కట్టడం అయ్యాక లోపలికి వచ్చి, కాఫీ ఉందా అని నా భార్యను అడిగాడు. మా ఇంటికి వచ్చాక ఆయన నోరు తెరిచి తనకోసం ఏదైనా అడగడం అదే మొదలు.

రెండు తీగలూ విరగబూశాయి. మార్గశిరంలో పెరడంతా ఆ కాయల వాసన. కాని ఒక్క కాయ కోయనివ్వలేదు. పిల్లలు ఏడ్చారు. ఇంటామె ఒక పూట కూరకు అడిగింది. పందిరి ఎత్తిన మనిషి కదా, ఇవ్వకపోతే ఏం బాగుంటుందని నేను గుసగుసలాడినా నాయన వినలేదు. విత్తనం ఎండేదాకా ఆగమన్నాడు. ఆమె పదిహేను రోజులు మాతో మాట్లాడలేదు.

పుష్యంలో కాయలు ఎండాక ఆయనే కోసి, కొట్టి, చెరిగి, శేరుంబావు గింజలు తేల్చాడు. నేను మంచి డబ్బా ఒకటి తెచ్చాను. ఆయన డబ్బా పక్కన పెట్టి, పాత కాగితాలు తెమ్మన్నాడు. పిడికెడేసి పొట్లాలు కట్టమన్నాడు. పన్నెండు అయ్యాయి.

"నీ తప్పే కాదప్పా. అంతా ఒక బుర్రలో పోసి కూర్సున్నానే, అది నాది," అన్నాడు. "పదిండ్లలో ఉంటే యాడో ఒకసోట బతుకుతాది."

మొదటి పొట్లం ఇంటామెకు. ఆరుద్ర దాకా ముట్టొద్దని, బూడిద కలిపి పెట్టమని చెప్పి ఇచ్చాడు. ఆమె కూర అడిగితే గింజలిచ్చారని గొణిగి తీసుకుంది. మాకు రెండు ఉంచి, మిగతావి వీధిలో కొన్ని, పల్లెలో కొన్ని పంచాడు.

మరుసటి ఏడు ఆరుద్రకు ఆయన పల్లెకు పోయి నాలుగు సాళ్ళు వేసి వచ్చాడు. కాపలా లేక మేకలు మేసేశాయి. మా పందిరి కింద వేసినవి నీళ్ళు నిలిచి వేరు కుళ్ళిపోయాయి. నేను చాలా దిగులుపడ్డాను. ఇంటామె మాత్రం వీధివైపు కంచె పొడుగునా వేసింది. పెద్దగా పట్టించుకోలేదు కూడా. మార్గశిరంలో ఒకరోజు పొద్దున గిన్నెతో పితికిపప్పు కూర తెచ్చి మా గడప మీద పెట్టింది.

"మీ మాదిరి దాసుకునేదాన్ని కాదు. తినండి."

నాయన సంగటిలో కలుపుకుని తిన్నాడు. ఇంకోసారి వేయించుకున్నాడు. చెయ్యి కడుక్కుని, పాత పంచె చెంగు చింపి పీలికలు చేసుకుని, ఆమె కంచె దగ్గరికి వెళ్ళాడు. బాగా ఊరిన కాయల గెలలు చూసి, విత్తనానికని కోయకుండా వదలాల్సినవాటికి ఒక్కో పీలిక కడుతూ పోయాడు. కాయలు నావి, పీలికలు నీవా అని ఆమె లోపలి నుంచి కేకేసింది. ఆయన అప్పటికే తర్వాతి గెల వంచి చూస్తున్నాడు.