మౌనముని గొంతు

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారకముందే మొదలయ్యే చేపల వేలానికి అర్జునరావు పాటగాడు. బోట్లు చేరగానే కోనాం చేపల గుట్ట పక్కన నిలబడి, కొనేవాళ్ల కళ్లలోకి చూస్తూ పాట పెంచుకుపోతాడు. ఇరవై రెండేళ్లుగా అదే కేక. ఎండెక్కేసరికి చేపలన్నీ అమ్ముడుపోతాయి. గొంతు ఒక్కటే మిగులుతుంది, అదీ ఎవరూ పాడని సరుకుగా. గొంతు డాక్టరు మాట్లాడవద్దన్నాడు. పాటగాడిని మాట్లాడవద్దనడం చేపను తడవవద్దనడం లాంటిది.

అందుకే వేలం లేని వేళల్లో అర్జునరావు ముని అయ్యాడు.

దీక్ష ఇప్పించింది బావమరిది సన్యాసిరాజు. పద్మనాభం నుంచి రోజూ స్టీల్ ప్లాంటుకి కాంట్రాక్టు పనికి వచ్చే ఇతగాడు ఫోనులో నీలగంధ రాజ్యానికి సేనాధిపతి. పద్నాలుగుమంది ఆడే ఆట అది. ఎవరి పాత్ర వారిది, మైకులో ఆ పాత్రగానే మాట్లాడాలి. చేరేవాళ్లంతా రాజులమవుతాం, మాంత్రికులమవుతాం అంటారు. అర్జునరావు మాత్రం నోటితో పనిలేని వేషం ఏదైనా ఉందా అని అడిగాడు. పన్నెండేళ్ల వ్రతంలో ఉన్న మౌనముని వేషం దొరికింది. ఆటలో నెలకొక ఏడాది. చెప్పదలచింది సైగగా టైపు చేస్తే చాలు: "ముని కమండలం ఎత్తాడు." మబ్బుల మీద ఒక గుహ ఇచ్చారు. ఆ గుహలో ఎవరూ కేకలెయ్యరు. అక్కడ కూర్చుంటే హార్బరు రొద ఎక్కడో పూర్వజన్మలో విన్నట్టుండేది.

అయితే రాజ్యధర్మం కఠినం. అన్నం ఉడికిందా, ఛార్జింగు ఎంతుంది వంటి లౌకికాలకు 'పెరడు' అని వేరే చాట్ పెట్టారు. సభలో లౌకికం మూడుసార్లు దొర్లితే ఆ పాత్ర దివంగతమవుతుంది. పునర్జన్మ లేదు. మహారాణి ఇంద్రజ ఉక్కునగరంలో లెక్కల టీచరు. అర మార్కు కూడా కలపని మనిషి. మునికి అప్పటికే రెండు తప్పులు పడ్డాయి. భార్య నూకాలు గ్యాసుబండ వచ్చిందని పిలిస్తే, మైకు ఆన్‌లో ఉన్న సంగతి మరచి "వత్తన్నా" అన్నాడు. ఇంకోసారి ఘోరయుద్ధం మధ్యలో సేనాధిపతిని ఫోను ఛార్జరు ఎక్కడ పెట్టావని అడిగాడు.

ఆ ఆదివారం కిరీటం పెద్ద యువరాజుదా, చిన్న యువరాజుదా అని తేల్చడానికి సభ కొలువుదీరింది. ఆదివారమంటే వేలం సుదీర్ఘం. అర్జునరావు మేడ మీద నీళ్ల ట్యాంకు నీడన చాప వేసుకుని, మైకు ఆపడం మరచి గుహలో ప్రవేశించాడు. సముద్రపు గాలి మెల్లగా కళ్లు మూసింది. బోట్లు నీళ్లు వదిలి మబ్బుల మీదుగా తేలుతూ గుహ వాకిట్లోకి వచ్చాయి. వాటి నిండా వెండి చేపలు, ఒక్కొక్క చేప నెత్తిన చిన్న కిరీటం. చుట్టూ దేవతలు గంపలతో నిలబడ్డారు. అలాంటి సరుకును చూసి పాటగాడన్నవాడు ఊరుకోగలడా?

"ఒకటోసారి... రెండోసారి... ఇంకెవులూ లేరేటి? మూడోసారి. ఎత్తుకెళ్లు."

ఆ కేక నీలగంధ సభ అంతటా మోగింది. ఫోను గుర్రుమంటే అర్జునరావు మేలుకున్నాడు. పెరట్లో సన్యాసిరాజు సందేశం: "నిద్దరోయావేటి బావా? నీ పాట అందరూ ఇనీసారు. పక్కింట్లో టీవీ మోగిందని సెప్పీ."

అంతలో మహారాణి అడిగింది. "మునీశ్వరా, మీరు పలికినది ఏ లోకపు మాట?"

టీవీ అంటే గుహలోకి టీవీని తెచ్చినట్టే. అదే మూడో తప్పు. ఊరుకుంటే నిద్రలో పాడిన పాటే మూడో తప్పవుతుంది. రేపు వేలం అయ్యాక చేరుకునేందుకు గుహ ఉండదు. అర్జునరావు ఆన్‌లోనే ఉన్న మైకు దగ్గరికి నోరు తెచ్చాడు. పగిలిన శంఖంలాంటి ఆ గొంతుతో ముని సభనుద్దేశించి పలకడం అదే మొదలు.

"తల్లీ, ముని కాకముందు నాను సేపల పాటగాణ్ణి. నిద్దట్లో ఆ జన్మ వచ్చీసింది."

అందులో అబద్ధం లేదు, లౌకికమూ లేదు. మహారాణి చాలాసేపు లెక్క సరిచూసుకుంది. ఆ మాట బయటిది కాదని, పూర్వజన్మదని తీర్పు చెప్పింది. ఆ పాట కిరీటానికీ చెల్లుతుందంది: మూడోసారి అన్న క్షణాన మాట్లాడుతున్నది చిన్న యువరాజు కనుక కిరీటం అతడే ఎత్తుకెళ్లాడు. పెద్దవాడు కూడా పాట ముగిశాక ఏం మాట్లాడతామని తప్పుకున్నాడు. ఇక మిగిలింది శిక్ష.

"వ్రతం భంగమైంది. మొదటి నుంచి మళ్లీ పన్నెండేళ్లు. ఒక్క అక్షరం వినబడరాదు."

"సానా పెద్ద శిక్షేసీసింది బావా," అని సేనాధిపతి పెరట్లో వాపోయాడు.

ముని వెంటనే టైపు చేశాడు: "ముని తల వంచి శిక్షను స్వీకరించాడు."

కింద నుంచి నూకాలు భోజనానికి పిలిచింది. అర్జునరావు ముందు మైకు ఆపాడు. తర్వాత మెట్ల దగ్గరికి వెళ్లి, వస్తున్నానని చెయ్యి ఊపాడు.