ఖర్జూరపు ముళ్లు, ఖమైస్ టైర్లు

ఎడారి అంచున ఉన్న కెబిలి ఊళ్ళో మబ్రూకా నోటికి జడవని మగాడు లేడు. ఊహ తెలిసినప్పటినుంచీ ఊళ్ళోవాళ్ళ షెడ్లలో నేలమీద చతికిలబడి ఖర్జూరాలు ఏరింది. పెళ్ళయ్యాకా అదే పని, మొగుడు పోయాకా అదే పని. ఒకనాడు నడుం పట్టేసి లేవలేకపోయింది. "పడేదేదో మన షెడ్డులోనే పడదాం పదండే" అని తోటి ఆడవాళ్ళను కూడగట్టి, తోటల అంచున ఒక పాత గ్యారేజీ తీసుకుంది.

ఆ ఏడు కాపు విరగకాసింది. పెట్టెలు లారీలకు ఎత్తలేక ఆడవాళ్ళ చేతులు పడిపోయాయి. ఫోర్క్‌లిఫ్ట్ అద్దెకు తెద్దామంది మబ్రూకా.

"నడిపేదెవరే?" అంది హనియా. మబ్రూకాకు ప్రాణస్నేహితురాలు, ఆమెను ఎదిరించగల ఒకే ఒక్క మనిషి.

"మా తమ్ముడి ట్రాక్టరు నడిపినదాన్ని. ఇదో లెక్కా?"

బళ్ళు అద్దెకిచ్చే ఖమైస్ స్వయంగా చూడవచ్చాడు. పెళ్ళాం పోయి ఒంటరిగా ఉంటున్న మనిషి. పెద్ద మీసం, చిన్న గొంతు.

"ఏ టైర్లు వెయ్యమంటావు?" అన్నాడు.

"నల్లవి వెయ్యి ఖమైస్ అన్నా. ఎర్రవి దొరికితే మరీ మంచిది."

ఖమైస్ మీసం సర్దుకున్నాడు. "బండి తిరిగేదెక్కడ?"

"షెడ్డులో."

షెడ్డు గుమ్మం నుంచి రోడ్డు దాకా ఇసకే. అతని చెప్పుల నిండా ఆ ఇసకే ఉంది. అయినా అతను మారుమాట్లాడకుండా వెళ్ళి, చిన్నచిన్న నున్నటి గట్టి టైర్లు వేసిన బండి పంపాడు.

సిమెంటు నేలమీద అది పెళ్ళికూతురిలా నడిచింది. ఆడవాళ్ళు పెళ్ళిళ్ళలోలా నాలిక ఆడిస్తూ జగరీతుల కూతలు ఎత్తి కేరింతలు కొట్టారు. అదే ఊపులో మబ్రూకా పెట్టెలు ఎత్తుకుని లారీ వైపు గుమ్మం దాటిందో లేదో, బండి ఇసకలో ఇరుసు దాకా దిగబడింది.

ఎదురు గోడమీద టీ తాగుతున్న మగాళ్ళకు పండగైంది.

"బావి తవ్విస్తున్నావా మబ్రూకా?" అని ఒకడు అరిచాడు.

"అవునురా! నీళ్ళు పడితే ముందు నీ మొహమే కడుగుతా."

తమ్ముడి ట్రాక్టరు వచ్చి బండిని లాగింది. లారీ సగం సరుకుతోనే వెళ్ళిపోయింది. ఖమైస్ పరుగున వచ్చాడు. టైర్లు మార్చడం తొందరగానే అయింది కానీ, ఆ తరవాత గ్లాసు మీద గ్లాసు టీ తాగుతూ పొద్దుగుంకేదాకా కదల్లేదు.

ఈసారి వేసినవి లావుపాటి గాలి టైర్లు. ఇసకమీద పడవలా తేలిపోయింది బండి. మధ్యాహ్నం అందరూ రొట్టెలు విప్పుకుని కూర్చున్న వేళ, మూలనుంచి బుస్సుమని శబ్దం.

"పాము!" అంది హనియా. అంతే, ఆడవాళ్ళందరూ పెట్టెల మీదికెక్కారు. మబ్రూకా చీపురుకర్ర పట్టుకుని ఒక్కో అడుగూ వేస్తూ వెళ్ళి చూస్తే, బుస కొడుతున్నది వెనక టైరు. అందులో వేలంత ఖర్జూరపు ముల్లు. తోటల పక్కన గాలికి మట్టలు రాలని రోజుండదు, ముల్లు లేని మట్టా ఉండదు.

ఖమైస్ మళ్ళీ వచ్చాడు. అతుకు వేశాడు. ఉల్లిపాయలు కూరిన రొట్టె పెడితే కళ్ళు మూసుకుని తిన్నాడు. మర్నాడు ఇంకో టైరు, మళ్ళీ ఖమైస్.

"అతుకులేసే మనిషి ఇస్త్రీ చొక్కాలో వస్తాడటే?" అంది హనియా.

"నోర్ముయ్" అంది మబ్రూకా. కానీ ఆ మాట ముల్లులాగే దిగింది. ఈ తోటల్లో పుట్టి పెరిగినవాడికి ముళ్ళ సంగతి తెలియదా?

తిన్నగా అతని బళ్ళ దొడ్డికి వెళ్ళింది. నీడలో రెండు ఫోర్క్‌లిఫ్టులు, రెండింటికీ వెడల్పాటి, దిట్టమైన టైర్లు.

"ఇవెవరికి?"

"తోటల షెడ్లకు" అన్నాడు ఖమైస్. "లోపల గాలి ఉండదు. నురగ పోస్తాం, గట్టిపడిపోతుంది. ముల్లు దిగినా గాలి దిగదు." అనేశాక నాలిక కరుచుకున్నాడు.

"మరి నాకెందుకు వెయ్యలేదు?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "వేస్తే బండి చెడదు. చెడకపోతే నేను రానక్కర్లేదు కదా."

"నా సరుకు ఆగిపోయింది! నా బండిని చూసి ఊరంతా నవ్వింది!"

"నేను నవ్వలేదు."

"ఎందుకు నవ్వుతావు, ఆ గొయ్యి తవ్విందే నువ్వు! రావాలనుంటే ఊరికే రాకూడదా?"

"ఊరికే వస్తే ఊరు ఊరుకుంటుందా?"

మబ్రూకాకు కోపం నిజంగానే వచ్చింది. ఎండలో పడిగాపులు పడ్డ ఆడవాళ్ళు గుర్తొచ్చారు. కానీ ఆ కోపం కిందే ఎక్కడో నవ్వు కూడా కదిలింది. దాన్ని పెదవి దాటనివ్వలేదు.

"రేపొచ్చి ఈ టైర్ల బండి ఇవ్వు. నీ మూలంగా ఆగిన పెట్టెలన్నీ నీ చేతుల్తో మొయ్యి. ఇస్త్రీ చొక్కాతోనే రా."

"వస్తాను. ఒక్క మాట. నన్ను అన్నా అని పిలవడం మానేస్తావా?"

"ముందు టైర్లు చూస్తాను. పిలుపు సంగతి తరవాత."

మర్నాడు ఖమైస్ పెట్టెలు మోస్తుంటే గోడమీద మగాళ్ళకు టీ గ్లాసులు ఎత్తడం కూడా గుర్తు లేదు. చొక్కా నల్లబడింది, మీసం వాలిపోయింది. అయినా ఒక్క పెట్టె వదల్లేదు. బండి ఇసకలో దిగబడలేదు, ముళ్ళ మీద ఆగలేదు. ఆ కాపంతా దాన్ని నడిపింది మబ్రూకాయే. మూడో లారీ వెళ్ళేసరికి అన్న అనే పిలుపు దానంతటదే జారిపోయింది. అది ముందుగా విన్నది హనియా. సాయంత్రానికల్లా ఊరికీ తెలిసింది.

వసంతంలో పెళ్ళయింది. ఖమైస్ ఇప్పుడు ఏ సాకూ లేకుండానే షెడ్డుకొచ్చి టీ తాగుతాడు. కానీ కాపు మొదలయ్యే రోజున మబ్రూకా తనే దొడ్డికి వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని ప్రతి టైరునూ బొటనవేలితో నొక్కి చూస్తుంది.

"ఇంకా నమ్మకం కుదరలేదా?" అంటాడు ఖమైస్.

"మొగుడి మాట మొగుడిదే, టైరు మాట టైరుదే" అంటుంది, వెనక టైరు దగ్గరికి జరుగుతూ.