సెంటర్‌కు వేగం అక్కర్లేదు

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చెబితే నవ్వుతారేమో, ఎందుకంటే అది ఫోన్లో ఆడుకునే ఒక ఆట గురించి ఆడిన అబద్ధం. నవ్వితే నవ్వండి. చివరిదాకా వినండి చాలు. మీ ముందు తప్ప ఇంకెక్కడా నోరు పెగలడం లేదు.

వరంగల్ మట్టెవాడలో లెక్కల ట్యూషన్లు చెబుతాను. నా గది కిందే జహీర్ మొబైల్ రిపేరు దుకాణం. మేమిద్దరం ఒక బాస్కెట్‌బాల్ ఆటలో కోచ్‌లం. అందులో మనం బంతి ముట్టుకోం. ఆటగాళ్లను ఎంచుకుని, ఎవరెక్కడ నిలబడాలో చెబితే మ్యాచ్ దానంతటదే నడుస్తుంది. ప్రతి ఆటగాడికీ ఎత్తుకిన్ని, వేగానికిన్ని అని మార్కులుంటాయి. ఏ స్థానానికి ఏ మార్కు ఎంత ముఖ్యమో మాత్రం ఆట చెప్పదు. మనమే కనిపెట్టుకోవాలి.

నేను కనిపెట్టాను. మూడు సీజన్ల మ్యాచ్‌లన్నీ నోటుబుక్కులో రాసుకుని మరీ తేల్చుకున్నాను. బంతిని ముందుకు తీసుకెళ్లే గార్డుకు వేగమే ప్రాణం. బుట్ట కింద నిలబడే సెంటర్‌కు దాంతో దాదాపు పనే లేదు. ఎత్తుండాలి, బుట్టకు తగిలి తిరిగొచ్చే బంతిని పట్టుకోగలగాలి. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. దాచుకోవడం తప్పా? ఆటలో అందరూ దాచుకుంటారు. అక్కడితో ఆగి ఉంటే ఈ రాత అవసరం ఉండేది కాదు.

జహీర్ జట్టులో సెంటర్ పేరు షరీఫ్. ఆటగాళ్లకు మనకిష్టమైన పేర్లు పెట్టుకోవచ్చు. జహీర్ తన అన్న పేరు పెట్టుకున్నాడు. అసలు షరీఫ్ భాయ్ ఆరడుగులు దాటిన మనిషి, పత్తి మార్కెట్లో హమాలీ. ఒకరోజు బస్తాలు మీదపడి నడుము దెబ్బతింది. దవాఖాన నుంచి వచ్చాక పనికి పోలేక, రోజంతా తమ్ముడి దుకాణంలో కుర్చీలో కూర్చునేవాడు. సాయంత్రం మ్యాచ్ మొదలైతే మాత్రం ఆ ముఖం చూడాలి. తెర మీద తన పేరు రాగానే, తానే బంతి అందుకున్నట్టు చేయి పైకెత్తేవాడు.

ఆటలోని షరీఫ్ వేగం జట్టు మొత్తంలో అందరికంటే తక్కువ. నా జట్టుకేమో ఆ సీజన్లో సరైన సెంటర్ లేడు. ఒకరు వదిలేసిన ఆటగాణ్ని ఎవరైనా తీసుకోవచ్చు. ఈ మూడు ముక్కలూ నా బుర్రలో ఎప్పుడు కలిశాయో తెలియదు. లేదు, తెలుసు. జహీర్ అడగడానికి ముందురోజే కలిశాయి.

"సార్, మా షరీఫ్ మస్తు స్లో ఉన్నడు," అన్నాడు జహీర్. "సెంటర్‌కు గూడ స్పీడ్ కావాల్నా? నువ్వు లెక్కల సార్‌వి, నువ్వెట్ల చెప్తె అట్ల."

"ఎవ్వలికైనా స్పీడే లెక్క," అన్నాను. "ఉరకనోన్ని పెట్టుకుంటె టీమ్‌కే లాస్ జహీర్."

జహీర్ ఫోన్ పట్టుకుని ఆగిపోయాడు. అన్న వైపు చూశాడు. షరీఫ్ భాయ్ నవ్వాడు.

"తీసెయ్ జహీర్. సార్ కరెక్టే చెప్తాండు గద. ఉరకనోన్తోని ఎవలికేం పని?"

సెంటర్ ఉరకక్కర్లేదు భాయ్, తన చోట తాను గట్టిగా నిలబడితే చాలు. ఈ మాట నా నోటిదాకా వచ్చింది. అదే నిజం కూడా. ఆ కుర్చీలో కూర్చున్న మనిషికి ఆ నిజం ఎంత అవసరమో కళ్ల ముందే కనబడుతోంది, అయినా ఎందుకు మింగేశాను? కప్పు కోసం. సీజన్ గెలిస్తే ఫోన్ తెర మీద కనబడే, చేత్తో పట్టుకోవడానికి కూడా రాని బొమ్మ కప్పు కోసం.

జహీర్ తీసేశాడు. నేను నా గదికి వెళ్లేదాకా కూడా ఆగలేదు, మెట్ల మీదే ఆ ఆటగాణ్ని తీసుకుని, ఎవరూ గుర్తుపట్టకుండా పేరు మార్చేశాను.

కప్పు గెలిచాను. ఫైనల్ దుకాణంలోనే చూశాం. జహీర్ సంబరంగా చాయ్ తెప్పించాడు. "మీ సెంటరెవడో గని సార్, ఎంత మంచిగ నిలవడ్డడు," అన్నాడు షరీఫ్ భాయ్. చాయ్ గ్లాసు అక్కడే పెట్టేసి పైకి వచ్చేశాను.

కొన్నాళ్లకు ఆయన దుకాణానికి రావడం మానేశాడు. తమ్ముడికి అడ్డమెందుకు అన్నాడట. నా మాట వల్లేనా? నడుము నొప్పి వల్ల కావచ్చు, ఇంటి నుంచి అంత దూరం నడవలేక కావచ్చు, అని నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో! ఒక్కసారీ నమ్మలేదు. అన్న లేకుండా ఆడబుద్ధి కాక జహీర్ కూడా ఆట వదిలేశాడు.

ఆటలో ఆటగాళ్లకూ వయసు మీదపడుతుంది. ఈ సీజన్‌తో నా సెంటర్ రిటైరవుతున్నాడు. నిన్న వాడికి షరీఫ్ అని పాత పేరు తిరిగి పెట్టాను. చూసేవాళ్లెవరూ లేరు.

ఇది రాస్తుంటే గుండె కాస్త తేలికపడింది. తేలికపడినందుకు సిగ్గుగా కూడా ఉంది. కిందికి దిగి జహీర్‌తో చెబుతానా? వాళ్లింటికి వెళ్లి ఆయన ముందు కూర్చుంటానా? మీకు మాటివ్వలేను, అంత ధైర్యమే ఉంటే ఆరేళ్లు పట్టేది కాదు. ఇక్కడ మాత్రం రాసిపెడుతున్నాను.

సెంటర్‌కు వేగం అక్కర్లేదు, షరీఫ్ భాయ్. నాకు ఆ రోజే తెలుసు.