రంగు తీసిన గుడి

2023 ఎండాకాలం. వనపర్తి జిల్లా గోపాల్‌పేట దగ్గరి ఒక ఊళ్లో, ఒక్క ఉపన్యాసంతో ఊరందరి నోళ్లూ మూయించాను. గుళ్ల మరమ్మతు పనుల్లోనే తల నెరిసినవాణ్ని, రిటైరయ్యాక కూడా కాంట్రాక్టరు పిలిచి పని అప్పగించినవాణ్ని. నా మాటకు ఆమాత్రం బరువుంటుంది.

అది రాతిగుడి. వానాకాలమంతా కప్పు ఉరిసి, దేవుడి మీద గొడుగు కట్టేవారు. కమిటీ పెద్ద నర్సింలు, వేరుశనగ రైతు, చేను వదిలి ఆఫీసుల చుట్టూ తిరిగి సర్కారు నిధులు తెచ్చాడు. ఎస్టిమేట్‌లో, అంటే ముందుగా వేసుకునే పనుల లెక్కలో, ముఖ్యమైనవి రెండే. రాళ్ల మీది ఎనామిల్ రంగులు తీయడం, కప్పు మీద వెదరింగ్ కోర్స్ వేయడం. ఆ రెండోది సున్నం, ఇటుక ముక్కలు కలిపి దిమ్మిసతో కొట్టే పొర. కింద నిలబడితే కనిపించదు.

రంగులు పోయి నల్లరాయి బయటపడ్డ రోజు నేను మురిసిపోయాను. ఊరు మాత్రం గుమిగూడింది.

"ఏంది సార్ గిది? పైసలొచ్చినంక గుడి ఇంకింత పాతగైంది!" అన్నాడొక ముసలాయన.

"గట్ల చేసుడే పని" అన్నాను.

"పాతగ చేసెతందుకు పైసలెందుకు సార్? ఊకె ఇడిసిపెడితే అదే పాతగైతది గద!"

నిజం చెప్పాలంటే, ఆయన అన్నదే సబబేమో అనిపించింది. అందరూ నర్సింలు వైపు తిరిగారు. సాయంత్రానికి అతని చేలో కొత్తబోరు గుడి పైసలతోనే పడిందన్న మాట పుట్టింది. సొంత తమ్ముడే పలకరించడం మానేశాడు.

"నేను తిన్ననా సార్? నువ్వన్నా జర చెప్పు" అన్నాడు నర్సింలు.

గుడి అరుగెక్కి చెప్పాను. అదే నేను మొదట గొప్పగా చెప్పిన ఉపన్యాసం. చివరిదాకా విన్నది నర్సింలు, అతని భార్య. మిగతావాళ్లు రాయి, సున్నం అనగానే లేచిపోయారు. మంచి పని కంటికి కనిపించాలా, కనిపించకూడదా? నాకు ఇప్పటికీ అయోమయమే.

అయినా కొన్నాళ్లకు ఊరు మెత్తబడింది. నా మాటే ఆలస్యంగా ఎక్కిందనుకున్నాను. జనానికి నచ్చజెప్పడం కూడా మరమ్మతులో భాగమేనని ఆ గుడి నేర్పిందని రాసుకుని, మొన్న నర్సింలుకు ఫోన్లో చదివి వినిపించాను.

"నువ్వు చెప్పింది నాకే సమజ్ గాలే సార్" అన్నాడు. "ముసురు వట్టింది. గొడుగు కట్టకున్నా దేవుని మీద ఒక్క సుక్క ఉరువలే. గప్పుడు మూసుకున్నరు నోళ్లు."