గీత లేని ముఖం

సుల్తానాబాద్ బస్టాండు ఎదుట బాలమల్లు ముప్పై ఏళ్లు బోర్డులు రాశాడు. ఆ పనికి ఒకటే శాసనం: ముందు గీత, తర్వాత రంగు, రంగు గీత దాటకూడదు. ఫ్లెక్సీలొచ్చి బోర్డులు పోయాయి. చనిపోయినవారి పాస్‌పోర్టు ఫొటోలకు గళ్లు గీసి, పెద్ద బొమ్మలు వేసే పని మాత్రం మిగిలింది. భార్య పోయాక ఇంట్లో మాట్లాడే మనిషి లేదు.

ఆరేళ్ల క్రితం గ్రంథాలయంలో, అట్ట ఊడిన పుస్తకంలో ఒక బొమ్మ చూశాడు. నది, మంచు, పొద్దు. ఎక్కడా గీత లేదు. కింద ఇంప్రెషనిజం అని, దూరం నుంచి చూస్తేనే రంగు మచ్చలు బొమ్మ కట్టే పద్ధతి అని ఉంది. మర్నాటి నుంచి కాలువ గట్టున కూర్చొని, పాత బోర్డు రేకుల వెనకవైపు పొద్దుటి వెలుగును వేయసాగాడు. నలభై రేకులయ్యాయి. ఎవరికీ చూపలేదు.

ఒకనాడు లస్మవ్వ తన కొడుకు సంపత్ ఫొటో తెచ్చింది. గల్ఫ్ నుంచి శవపేటిక వచ్చి వారమైంది. వయసు ఇరవై తొమ్మిది. పేటికతో వచ్చిన కాగితంలో కారణం: సహజ మరణం. అతణ్ని ఏ ఎండలో, ఎన్ని గంటలు నిలబెట్టారో రాయడానికి ఆ కాగితంలో గడే లేదు.

“దినాలు ఎల్లుండి. గీ ఫొటోల నా కొడుకు లేడు తమ్మీ. గిట్ల బిగుసుకొని వాడెన్నడు నిలవడలే.”

“మరెట్ల నిలవడుతుండె, అక్కా?”

“పొద్దుగాల పొలానికి నీళ్లు పెట్టి, గట్టు మీద. తువ్వాల భుజం మీదికెళ్లి జారేది. సక్కగ కట్టుకోరా అంటే, గాలికి గూడ పనుండాలె గదనే అవ్వా అంటుండె.”

బాలమల్లు స్కేలు పక్కన పెట్టాడు.

మర్నాడు ఆమె, అతడు గీత లేకుండా వేసిన రేకు మీదికి వంగి చూసింది. “గిదేంది? రంగులు ఒలకవోసినవా? మొకమేది?”

“జర రోడ్డవతలికి పోయి చూడు, అక్కా.”

ఆమె రోడ్డు దాటి వెనక్కి తిరిగి చూసింది. మధ్యలో రెండు బస్సులు పోయాయి. ఆమె చెయ్యి, జారిన తువ్వాలను సర్దబోయినట్టు, గాలిలోకి లేచి ఆగింది.

తిరిగొచ్చి, “వాడే,” అన్నది. “దినాలకొచ్చేటోళ్లకు మొకం గావాలె తమ్మీ. వాళ్లు గంత దూరం పోయి చూడరు,” అని, ఫొటో తీసుకొని పక్కనున్న ఫ్లెక్సీ దుకాణానికి వెళ్లింది.

ఆ తర్వాత ఏ ఫొటో వచ్చినా గళ్లు గీయడానికి బాలమల్లు చెయ్యి ఒప్పుకోలేదు. బొమ్మలకు జనం రావడం మానేశారు. ఆ ఒక్క రేకును మాత్రం అతడు రోడ్డువైపు తిప్పి తగిలించాడు. వారపు అంగడి రోజున లస్మవ్వ వస్తుంది, అతడి దుకాణం మెట్టెక్కదు. అవతల నిలబడి, చూసి, వెళ్లిపోతుంది. తల్లీకొడుకుల మధ్యకు రాకుండా, ఆమె వెళ్లేదాకా అతడు లోపలే ఉంటాడు.