నలభై ఒకటో పెట్టె

నేను చదివింది ఊరి బడిలో ఏడో తరగతి. రేవులో సరుకు విడిపించే గుమాస్తాగా ముప్ఫై రెండేళ్లు చేశాను. నా చేతి మీదుగా వెళ్లిన కాగితం ఒక్కటీ వెనక్కి రాలేదు. పెద్ద చదువులు చదివిన ఇద్దరికి ఈ పని నేర్పింది నేనే.

నాకో అలవాటుంది. అందరూ లిస్టు పట్టుకుని పెట్టెలు చూస్తారు. నేను ముందు పెట్టెలు లెక్కపెట్టి, ఆ తరువాతే లిస్టు విప్పుతాను.

ఒక ఏడాది ధర్మాసుపత్రికి విదేశం నుంచి డయాలసిస్ ఫిల్టర్లు దానంగా వచ్చాయి. రోగులకు ఉచితంగా వాడతామని ఆసుపత్రి రాసిచ్చి, ఆరోగ్యశాఖ ముద్ర వేస్తే సుంకం ఉండదు. ముద్ర పడింది. గిడ్డంగిలో లెక్కపెట్టాను, నలభై ఒకటి. లిస్టు విప్పాను, నలభై.

మా వదినకు ఆ ఆసుపత్రిలోనే డయాలసిస్. మర్నాడు ఆమె వంతు. అక్కడ అరలో ఫిల్టరు ఒక్కటీ మిగల్లేదు.

ఆసుపత్రి స్టోర్‌కీపరు నా మోచెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు.

“కస్టమ్స్ ఆఫీసరు పైపైన చూసి సంతకం పెట్టేస్తాడండీ. మీరు కాసేపు కళ్లు మూసుకోండి చాలు.”

“ఈ వయసులో మూస్తే నిద్ర పట్టేస్తుందయ్యా.”

“మరి సరుకంతా ఆపేస్తే మీ వదినగారి సంగతో?”

అర్జీ రాసి ఆఫీసరు ముందు పెట్టాను.

“ఎక్కువుందని మీరే వచ్చి చెబుతున్నారేంటి?” అన్నాడాయన.

“మీరు కనిపెడితే మొత్తం ఆగుతుంది సార్. నేను చెప్పాను కాబట్టి ఆ ఒక్కటే ఆపండి.”

“తీర్పు కూడా మీరే రాసుకొచ్చారన్నమాట!”

ఆయన వచ్చి పెట్టె విప్పించాడు. లోపల దుప్పట్లు. పంపినవాళ్లు చివర్లో ముచ్చటపడి వేసినట్టున్నారు, కాగితం మీదికి ఎక్కించలేదు. అర్జీ పైఅధికారి దగ్గరికి వెళ్లింది. ఆఫీసు కట్టేసే వేళకు మంజూరై తిరిగొచ్చింది. నలభై పెట్టెలు లారీ ఎక్కాయి.

మర్నాడు వదిన మిషను పక్కన కుర్చీలో పడుకుని ఉంది.

“ఏమయ్యా మరిదీ, నన్ను పణం పెట్టి నిజం చెప్పావటగా?”

“చెప్పాను వదినా.”

“ఆయన కుదరదంటే మీ అన్నకు ఏం చెప్పేవాడివి?”

నేను లేచి ఫ్యాను తగ్గించాను.

“సరేలే. ఈ గదిలో వణికి చస్తున్నాను. ఆ పెట్టెలో ఉన్నవి దుప్పట్లేగా?”

ఆ పెట్టె బయటికి రావడానికి ఇంకో పద్దెనిమిది రోజులు పట్టింది. దాన్నీ నేనే విడిపించాను.