వెండి కెటిల్‌లో కర్పూరం

నా చిన్నప్పుడు నాకు ఒక టీ కెటిల్ అంటే చచ్చేంత భయం. చెబితే ఇప్పటి పిల్లలు నవ్వుతారు గానీ, నిజం.

మస్కట్‌లో మత్రా రేవు దగ్గర ఒక పాతకాలపు వ్యాపారి ఇంట్లో మా నాయిన డ్రైవరు, మా అమ్మ వంటమనిషి. ఇంటి వెనక గోడకు ఆనుకొని ఒక రూమిచ్చినారు, అందులో మేం ముగ్గురం. కడప నుంచి మమ్మల్ని పిలిపించుకున్నది వాళ్ళే, మా వీసాలూ వాళ్ళ చేతిలోనే. "ఈ ఇంట్లో చెంచా జారినా చప్పుడు కాకముందే పట్టుకోవల్ల" అనేది అమ్మ. నన్ను బడికి పంపే స్తోమత లేదు. అమ్మ కొంగు పట్టుకొని ఆ వంటింట్లోనే తిరిగేదాన్ని. ఆ ఇంటి పిల్లలతో ఆడీ ఆడీ నాకు వాళ్ళ అరబ్బీ వచ్చేసింది. అమ్మకు మాత్రం తెలుగు, మా కడప సాయిబుల హిందీ తప్ప ఇంకోటి రాదు.

ఆ కెటిల్ ఆ ఇంటి పెద్దావిడది. ఆమెను మేం అవ్వ అనేవాళ్ళం. ఆమె నాయిన ఓడల మీద వ్యాపారం చేసే రోజుల్లో చీనా కంసాలి చేత చేయించి తెచ్చినాడంట. అంతా చేత్తో కొట్టిన వెండి. పొట్ట మీద చామంతులు, ఎగిరే కొంగలు, పిడేమో వెదురు కణుపుల మాదిరి. అంతవరకు మన ఊరి సంగతుల్లాగే ఉంటాయి. ముక్కు దగ్గరికొచ్చేసరికి నా ప్రాణం పోయేది. కాళ్ళూ గోళ్ళూ ఉన్న పాము ఒకటి, ఒళ్ళంతా పొలుసులతో మెలికలు తిరిగి, నోరు తెరుచుకొని ఉంటుంది. టీ ఆ నోట్లోంచే రావల్ల. పాము కక్కింది వీళ్ళెట్లా తాగుతారబ్బా అని దూరంగా నిలబడి చూసేదాన్ని.

ఒక ఏడాది అవ్వ తమ్ముడు చనిపోయినాడు. చాన్నాళ్ళు ఆ ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. కెటిల్ అల్మారాలోకి పోయింది. దుఃఖం కాస్త తగ్గినాక ఒక మధ్యాహ్నం చుట్టాల ఆడవాళ్ళు వస్తే, అవ్వ దాన్ని మళ్ళీ తీయమంది. అమ్మ కడిగి, టీ కాచి పోసి, తీసుకుపోయి అవ్వ కోడలి ముందు పెట్టింది. నేను తలుపు చాటున ఉన్నా.

కోడలు కప్పులో పోసింది. ఆవిరి లేచింది. ఆమె వాసన చూసింది. "కాఫూర్!" అని అరిచి కప్పు విసిరికొట్టింది.

కాఫూర్ అంటే కర్పూరం. మనకది దేవుడి హారతి. వాళ్ళలో మాత్రం చనిపోయినవాళ్ళను కడిగే నీళ్ళలో కలుపుతారని, అవ్వ తమ్ముడు పోయినప్పుడు ఆ ఇంటి పిల్లలే నాకు చెప్పినారు. కోడలు అమ్మ వైపు వేలు చూపిస్తా ఏమేమో అంటోంది. "సిహర్" అన్న మాట నాకు వినపడింది. చేతబడి. చుట్టాలు లేచి గోడకు జరిగినారు.

"ఏందమ్మీ, ఏమంటాండారు?" అని అమ్మ నన్ను అడుగుతోంది. అవ్వ చావు కోరి నువ్వు మందు పెట్టినావంటున్నారమ్మా అని కన్నతల్లికి ఏ నోటితో చెప్పేది? కోడలు ఫోన్ దగ్గరికి పోయి మొగుణ్ణి రమ్మంటోంది. మధ్యలో "షుర్తా" అనింది. పోలీసులు. నాయిన చూస్తే ఎయిర్‌పోర్టు డ్యూటీకి పోయినాడు. ఆయన వచ్చేలోపల అమ్మను కారెక్కించి తీసుకుపోతారు, ఇంక నాకు కనపడదు అనుకున్నా.

అప్పుడు అవ్వ చేతికర్రతో నేల మీద కొట్టింది. అందరూ నోరు మూసుకున్నారు. ఆమె బజారు హిందీలో అమ్మను నిదానంగా అడిగింది, ఇందులో ఏం పెట్టినావు, ఎందుకు పెట్టినావు అని. అంతసేపు అరిచినవాళ్ళల్లో ఒక్కరూ ఆ ఎందుకు అనే మాట అడగలేదు.

అమ్మ జవాబు చెప్పకుండా బయటికి పరుగెత్తింది. "పారిపోతోంది, పట్టుకోండి" అనింది కోడలు. అమ్మ మా రూములోంచి పాలపొడి డబ్బా ఒకటి తెచ్చి అవ్వ ఒళ్ళో గుమ్మరించింది. గుడ్డ మూటలో నా వెండి పట్టీలు, వాటి మధ్య కర్పూరం బిళ్ళలు. "చాందీ కాలీ నై హోనా బోల్కే, అమ్మా. మేరీ బచ్చీకా భీ ఐసాచ్ రఖీ" అనింది ఏడుస్తా. వెండి నల్లబడకూడదని పెట్టినా, నా బిడ్డవాటికీ ఇట్లనే పెట్టుకున్నా అని. మన ఇళ్ళల్లో వెండి సామాన్లకు అందరూ చేసే పనే. అల్మారాలో పెట్టేటప్పుడు కెటిల్‌లోనూ ఒక బిళ్ళ వేసింది. తీసినప్పుడు కడిగింది గానీ, ఒక పలుకు కెటిల్ ముక్కు మొదట్లో టీ వడకట్టే చిల్లుల వెనక ఇరుక్కొని ఉండిపోయింది.

అవ్వ నా పట్టీలను ముక్కు దగ్గర పెట్టుకొని కళ్ళు మూసుకుంది. ఎంతకూ తెరవదు. నేను పోయి అమ్మ కాళ్ళను కరుచుకున్నా. కళ్ళు తెరిచి ఆమె అన్నదొక్కటే, ఇదే కెటిల్‌లో మళ్ళీ టీ తీసుకురా అని. కోడలు వద్దు వద్దంటూ అడ్డం పడితే, "నేను పోతే ఈ కెటిల్ నీకే గదా వచ్చేది, నీకెందుకే బాధ?" అనింది అరబ్బీలో. ఒక చుట్టాలావిడకు నవ్వొచ్చి చున్నీ అడ్డం పెట్టుకుంది.

అమ్మ పిన్నీసుతో ఆ పలుకును లాగేసి, మరిగే నీళ్ళు మళ్ళీ మళ్ళీ పోసి కడిగింది. వాసన కొంచెం మిగిలే ఉంది. టీ పోస్తుండగానే అవ్వ కొడుకు ఉరుకుతా లోపలికి వచ్చినాడు. అవ్వ అతన్ని చూడలేదు. మొదటి కప్పు తానే తీసుకుంది. నేను ఆ పాము నోటినీ ఆమె నోటినీ మార్చి మార్చి చూస్తున్నా. కప్పు సాసరు మీద గలగలమంటోంది. ఆ వాసనలో ఆమె తమ్ముడున్నాడు గదా. అయినా అడుగుదాకా తాగి, కొడుకుతో "కూర్చో, నువ్వూ తాగు" అనింది. అతను మా అమ్మను చూసినాడు, కెటిల్‌ను చూసినాడు, చెప్పులు విడిచి కూర్చున్నాడు.

అమ్మ బతికిపోయింది గానీ నా భయం పోలేదు. పొద్దుగూకి నమాజు పిలుపు వినపడేదాకా పరదా సందులోంచి అవ్వ ఊపిరి తీస్తోందా లేదా అని చూస్తా నిలబడినా. నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునేదానికి లేచిన అవ్వ నన్ను చూసి, "చావలేదులే, పోయి అన్నం తిను" అనింది.

ఆ అవ్వకు భయమే లేదని చాన్నాళ్ళు అనుకున్నా. నాకూ ఇల్లూ కోడళ్ళూ వచ్చినాక తెలిసింది, ఆ గదిలో అందరికంటే ఎక్కువ భయం ఆమెదే. అది తగ్గినాక అడుగుదామని ఆమె ఆగి ఉంటే మా అమ్మ పోలీసు కారెక్కేది. ఇప్పుడు ఎవరి చేతి పనైనా చూసి నా గుండె జల్లుమంటే, ఆ జల్లు ఆగకముందే అడుగుతా, ఎందుకు చేసినావమ్మా అని. అడిగి, జవాబు వచ్చేదాకా నోరు మూసుకొని కూర్చుంటా. ఆ కూర్చోవడం నాకు ఇప్పటికీ కష్టమే.